కుక్కకు అజిలిటీ మొదటి పాఠాలు: నల్లగొండ, పాలమూరు నేల మీద ఎలా మొదలుపెట్టాలి

అజిలిటీ అంటే యజమాని చూపిన దారిలో కుక్క కర్రలు, సొరంగం, చెక్క పలక, స్తంభాలు లాంటి అడ్డంకులను ఉరుకుతూ దాటే ఆట. ఆ పేరు వినగానే చాలామందికి కళ్ల ముందు మెదిలేది కుక్క గాల్లోకి లేచి కర్ర దాటుతున్న ఫొటో. ఆట పుట్టుకే అలాంటిది. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో పోటీల మధ్య ఖాళీ సమయంలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని, గుర్రాలు అడ్డంకులు దుంకే పోటీల తీరులో కుక్కల చేత చేయించారు. ఎత్తు మీద మోజు అప్పటి నుంచే వచ్చినట్టుంది. నేర్పేటప్పుడు మాత్రం లెక్క తలకిందులు: ఎత్తు పెంచడం అన్నింటికంటే చివరి పని. మొదటి రెండు నెలలు కుక్క నాలుగు కాళ్లూ దాదాపు నేల మీదే ఉండాలి. ఈ ఒక్క విషయంలో తొందరపడినవాళ్లే ఆర్నెల్ల తర్వాత కుంటే కుక్కను పట్టుకొని పశువుల దవాఖానకు తిరుగుతారు.

ముందు కుక్కను చూడండి

జాతి గురించి బెంగ అక్కర్లేదు. ఊళ్లో పెరిగిన నాటుకుక్క చాలాసార్లు లాబ్రడార్ కంటే బాగా చేస్తుంది. ఒళ్లు తేలిక, కాళ్లు గట్టి, ఎండకు కొంత అలవాటు పడి ఉంటుంది. జాగ్రత్త పడాల్సినవి రెండు రకాలు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కకు ఊపిరి త్వరగా అందదు, కాబట్టి దానికి పాఠం రెండు నిమిషాలు దాటకూడదు. డాష్‌హండ్ లాంటి పొడుగు నడుము కుక్కకు వెన్నెముక దెబ్బతినే ముప్పు ఎక్కువ, దానికి దుంకుడు వద్దే వద్దు. సొరంగం, నేల మీది ఆటలు చాలు.

వయసు ముఖ్యం. కుక్కపిల్ల ఎముకల చివర ఎదిగే మెత్తటి భాగాలుంటాయి, గ్రోత్ ప్లేట్లు అంటారు. అవి గట్టిపడకముందే పదేపదే దుంకిస్తే కాలు వంకర తిరగొచ్చు, కీలు అరగొచ్చు. చిన్న జాతుల్లో ఏడాదికి అటూ ఇటూగా, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దవాటిలో 15 నుంచి 18 నెలలకు ఇవి మూసుకుంటాయి. కుక్కల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కను బరిలోకే దింపనివ్వరు. అంతవరకు కూర్చోబెట్టమని కాదు. నాలుగో నెల నుంచే నేల పాఠాలు చెప్పొచ్చు. కర్ర మాత్రం నేల మీద పడుకొనే ఉండాలి.

మొదలుపెట్టే ముందు పశువుల డాక్టరుకు ఒకసారి చూపించండి. తుంటి కీళ్లు, మోకాలి చిప్పలు, గుండె చూడమని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే రేబీస్ టీకా వేసి పంపించేస్తారు. ఆ టీకా ఎలాగూ ఉండాల్సిందే, నులిపురుగుల మందు కూడా. బరువు సంగతి ఇంట్లోనే తెలుస్తుంది: పక్కల మీద అరచేయి పెట్టి మెల్లగా నిమిరితే పక్కటెముకలు వేళ్లకు తగలాలి. నొక్కితే గానీ తగలకపోతే ముందు నడకతో ఒళ్లు తగ్గించాలి, ఆట తర్వాత.

నేల, పొద్దు

డాబా మీద వద్దు. స్థలం సరిపోతుంది, కుక్క తప్పిపోదు అని అనిపిస్తుంది గానీ అందులో మూడు ప్రమాదాలున్నాయి. స్లాబు పొద్దున ఎనిమిదింటికే కాలుతుంది, కాంక్రీటు కీళ్లను కొడుతుంది, అడ్డం కనపడితే దుంకమని నేర్పిన కుక్కకు పిట్టగోడ కూడా ఒక అడ్డమే. షాబాద్ బండల వాకిలి, టైల్స్ వరండా కూడా పనికిరావు. మలుపు తిరిగేటప్పుడు వెనక కాళ్లు జారి తొడ కండరం పట్టేస్తుంది.

మన దగ్గర దొరికే వాటిలో అన్నింటికంటే మంచిది ఎర్ర చెల్క నేల. బత్తాయి తోట వరుసల మధ్య ఖాళీ అయినా సరే, కలుపు తీసి చదును చేసింది అయితే చాలు. రేగడి అయితే ఎండకాలం పగుళ్లు, వానకాలం బంక. పగుళ్లలో గోరు ఇరుక్కుంటే మొదలుకంటా ఊడొస్తుంది. కాలేజీ గ్రౌండో స్కూలు గ్రౌండో అయితే జనం రాకముందు వెళ్లాలి, వీధికుక్కలు ఎటు నుంచి వస్తాయో చూసుకొని ఆ పక్కకు వీపు పెట్టకుండా నిలబడాలి. పరాయి కుక్క దగ్గరికొస్తే పాఠం ఆపేసి తాడు కట్టండి. భయపడ్డ చోట నేర్పింది కుక్కకు భయంగానే గుర్తుంటుంది.

కావాల్సిన జాగా కనీసం 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. ముందురోజు సాయంత్రం ఆ జాగా అంతా చెప్పుల్లేకుండా ఒకసారి నడిచి చూడండి. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు, సీసా పెంకులు మీ కాలికి తగిలితే పొద్దున కుక్క కాలికీ తగులుతాయి. పల్లేరు కాయ ఒక్కసారి గుచ్చుకున్నా కుక్క తప్పు ముల్లు మీద వేయదు, అప్పుడు ఎదురుగా ఉన్న కర్ర మీద వేస్తుంది. ఆ తర్వాత వారం దాకా ఆ కర్ర దగ్గరికి రాదు, మనకేమో కారణం అంతుపట్టదు.

మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు పోవడం కొత్త కాదు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఐదున్నర నుంచి ఏడు లోపే. సాయంత్రం గాలి చల్లబడ్డా నేల వేడి తగ్గదు. చేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఏడు లెక్కపెట్టండి, ఆలోపే తీసేయాలనిపిస్తే ఆ రోజు పాఠం లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి దాకా ఉండే చలికాలమే మొదలుపెట్టడానికి అసలైన అదను.

వడదెబ్బ గుర్తులు ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి: ఆగకుండా గట్టిగా ఎగపోత, జిగట చొంగ, చిగుళ్లు ఎర్రగా కావడం, తూలడం. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. నీడకు తెచ్చి ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను గాలి తగలనిచ్చి, అలా చల్లబరుస్తూనే దవాఖానకు తీసుకుపోవాలి. నోరు తెరిచి బలవంతంగా నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

జేబులో తిండి, నోట్లో మాట

ట్రీటు శనగగింజంత ఉండాలి, నమలకుండా మింగగలగాలి. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు, ఉడికిన గుడ్డు, అప్పుడప్పుడు కోడి కార్జం. బిస్కెట్లు పొడి అవుతాయి, కుక్క నేల నాకుతూ నిలబడిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. చక్కెరకు బదులు జైలిటాల్ వేసిన మిఠాయిలు కూడా అంతే. రోజు తిండిలో ట్రీట్ల వాటా పదో వంతు దాటకుండా, ఇచ్చినంత గిన్నెలో తగ్గించండి. కడుపునిండా తిన్నాక రెండు మూడు గంటలు ఉరికించొద్దు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడితే ప్రాణం మీదికొస్తుంది.

సరిగ్గా చేసిన ఆ క్షణాన్ని కుక్కకు తెలిపే మాట ఒకటి కావాలి. ఇంట్లో రోజూ వాడని మాటైతే మంచిది. "సై" బాగుంటుంది: పొట్టిది, పదునైనది. "మంచిగ చేసినవ్ బిడ్డా" అనేలోపు కుక్క వేరే పనిలో ఉంటుంది. "సై" అన్న ప్రతిసారీ ట్రీటు తప్పనిసరి, పొరపాటున అన్నా సరే.

ఆజ్ఞల్లో ఒక చిక్కుంది. మన భాషలో దుంకడానికి "దుంకు", సొరంగంలో పోవడానికి "దూరు" అనడం సహజం. ఉరుకులో ఉన్న కుక్క మాట మొదటి చప్పుడునే పట్టుకుంటుంది, రెండూ "దు" తోనే మొదలయ్యేసరికి తడబడుతుంది. అందుకని కర్రకు "దుంకు", సొరంగానికి "గుహ", పలకకు "ఎక్కు", ఆగడానికి "స్టే" అని పెట్టుకుంటే ఒకదానితో ఒకటి కలవవు. ఇంకా ముఖ్యం, ఇంట్లో అందరూ అవే అనాలి. తాత "దిగు" అంటే, పిల్లలు "డౌన్" అంటే, అమ్మ "పోరా" అంటే కుక్క ముగ్గురినీ వదిలేస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు.

మొదటి నాలుగు వారాలు: కర్ర లేని పాఠాలు

ఒక్కో పాఠం ఐదు నిమిషాలు, రోజుకు రెండు సార్లు, వారానికి ఐదు రోజులు. ఇరవై ట్రీట్లు లెక్కపెట్టి జేబులో వేసుకోండి, అయిపోయాయంటే పాఠం అయిపోయినట్టే. మెడకు మెత్తటి బెల్టు మాత్రమే ఉండాలి. గజ్జెలు, నల్లతాడు, వేలాడే బిళ్ల తీసేయండి, ఎక్కడో ఒక దగ్గర ఇరుక్కుంటాయి. గొలుసు అసలే వద్దు.

1. చేతికి ముక్కు. అరచేయి మోకాలి పక్కన పెట్టండి. ముక్కు తగిలిందా, "సై", ట్రీటు. ఎడమ చేతికి ఎన్నిసార్లో కుడి చేతికీ అన్నిసార్లు. ఒక పక్కనే నేర్పితే రేపు కుక్క ఒక పక్కకే తిరుగుతుంది.

2. ఆగడం. కూర్చోబెట్టి "స్టే" అని ఒక్క అడుగు వెనక్కి వేసి మళ్లీ దగ్గరికి వెళ్లి తిండి పెట్టండి. పిలిచి పెట్టొద్దు. కూర్చున్న చోటే లాభం ఉందని దానికి తెలియాలి. నాలుగు వారాల్లో ఐదు మీటర్ల దూరం, పది సెకన్లు వస్తే చాలు.

3. బకెట్టు చుట్టూ. బోర్లించిన బకెట్టు పక్కన నిలబడి చేత్తో దారి చూపి చుట్టూ తిప్పండి. తర్వాత రెండడుగుల దూరం నుంచి, ఆపై మూడు మీటర్ల నుంచి పంపండి. మీ నుంచి దూరంగా పోయి పని చేసుకొని రావడం ఇక్కడే వస్తుంది.

4. నిచ్చెన. వెదురు నిచ్చెనను నేల మీద పడుకోబెట్టి మెట్ల మధ్య నుంచి నడిపించండి. కుక్కకు ముందు కాళ్ల మీద ఉన్న ధ్యాస వెనక కాళ్ల మీద ఉండదు. మొదటి రోజు వెనక కాళ్లు ప్రతి మెట్టుకూ తగులుతాయి. ట్రీటు ముక్కుకు పైన కాకుండా నేలకు దగ్గరగా, నెమ్మదిగా జరపండి. తల కిందికి ఉంటే కాళ్లు పైకి లేస్తాయి. ఎక్కడా తగలకుండా రెండు కొసలూ దాటిన రోజు ఈ పాఠం వచ్చినట్టు.

ఈ నాలుగూ విసుగ్గా ఉంటాయి, నిజమే. నిచ్చెన రాని కుక్క కర్రలు పడేస్తుంది, ఆగడం రాని కుక్క మీకంటే ముందే ఉరికి తప్పు అడ్డంకి ఎక్కుతుంది.

అడ్డకర్ర తయారీ

ఒక అడ్డంకికి ఒక అంగుళం పీవీసీ పైపు, 6 మీటర్ల పొడవుది ఒకటి సరిపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలోనే ఇలా కోయించుకోండి: 80 సెంటీమీటర్ల నిలువు ముక్కలు రెండు, 35 సెంటీమీటర్ల పాదాలు నాలుగు, 5 సెంటీమీటర్ల అతుకు ముక్కలు రెండు, 120 సెంటీమీటర్ల నేల కర్ర ఒకటి, 130 సెంటీమీటర్ల అడ్డకర్ర ఒకటి. మొత్తం 560 సెంటీమీటర్లు. టీ జాయింట్లు నాలుగు, ఎండ్ క్యాపులు ఆరు, 3 అంగుళాల బోల్టులు రెండు.

ఒక్కో పక్కన రెండు టీలను అతుకు ముక్కతో కలిపి, అటూ ఇటూ పాదాలు పెట్టండి. ఒక టీ మూతి పైకి తిప్పి నిలువు ముక్క దించండి, రెండో టీ మూతి లోపలికి తిప్పి నేల కర్ర పెట్టండి. నేల కర్ర మట్టిని ఆనుకొని ఉంటుంది కాబట్టి కాలికి అడ్డం రాదు, పైగా ఎక్కడ లేవాలో కుక్క కంటికి గీతలా కనిపిస్తుంది. పాదాల కొసలకు, నిలువు ముక్కల పైకొసలకు క్యాపులు. నిలువు ముక్కకు నేల నుంచి 10, 20, 30, 40 సెంటీమీటర్ల దగ్గర రంధ్రాలు వేసి, కుక్క దిగే వైపుకు బోల్టు బయటికి వచ్చేలా దూర్చండి. బోల్టు కొసకు టేపు నాలుగు చుట్లు చుడితే అడ్డకర్ర దొర్లిపోదు.

అడ్డకర్ర బోల్టు మీద ఊరికే ఆని ఉండాలి, కాలు తగిలితే ఇట్టే పడిపోవాలి. గాలికి పడుతోందని కట్టు తీగతో బిగించేవాళ్లున్నారు. ఆ పని చేస్తే కుక్క కాలు విరుగుతుంది. తెల్ల పైపు ఎర్రమట్టి మీద బాగానే కనిపిస్తుంది, అయినా నీలం టేపు మూడు చోట్ల చుట్టండి. కుక్క కంటికి ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా తెలియవు, నీలం తెలుస్తుంది.

దుంకుడు

మొదటి వారం అడ్డకర్ర పెట్టొద్దు, రెండు నిలువుల మధ్య నుంచి నడిపించండి. కుక్కను కూర్చోబెట్టి మీరు అవతలికి పోయి పిలవండి. ట్రీటు చేతిలోంచి ఇవ్వకుండా అవతల రెండు మీటర్ల దూరంలో ఒక మూత మీద పెట్టండి. చేతిలో ఉంటే కుక్క తల తిప్పి చేతినే చూస్తూ వస్తుంది, కాలు కర్రకు తగులుతుంది.

రెండో వారం, ఎదిగిన కుక్కకైతేనే, 10 సెంటీమీటర్లు. నెల తర్వాత 20. ఆపై కుక్క ముందు కాలి మోచేతి ఎత్తును టేపుతో కొలిచి అక్కడితో ఆపేయండి, ఇంటి సాధనకు అంతకు మించి అక్కర్లేదు. ఒక పాఠంలో పది దుంకుళ్లు దాటొద్దు.

చెల్క నేల గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. కర్రకు అటూ ఇటూ రెండేసి మీటర్లు చీపురుతో మట్టి చదును చేసి, ఒక్కసారి దుంకించి, కుక్కను పక్కన కూర్చోబెట్టి, వంగి అడుగులు చూడండి. లేచిన చోట వెనక కాళ్ల గుర్తులు రెండు పక్కపక్కనే, గోళ్ల గీతలు వెనక్కి లాగినట్టు ఉంటాయి. దిగిన చోట ముందు కాలి గుర్తు ఉంటుంది. కర్ర నుంచి ఈ రెంటి దూరం ఇంచుమించు సమానంగా ఉంటే దుంకుడు గుండ్రంగా వచ్చినట్టు. లేచిన గుర్తు కర్ర కిందికే వచ్చి, దిగిన గుర్తు దగ్గరలోనే లోతుగా దిగబడితే కుక్క నిలువునా లేచి నిలువునా పడుతోంది. బరువంతా ముందు భుజాల మీదికి వస్తుంది. కర్రను ఒక మెట్టు దించి, నేల మీద ఇంకో పైపు ముక్కను కర్రకు ఒక అడుగు ముందు పెట్టండి. కుక్క ఇంకాస్త ముందే లేస్తుంది.

కర్రలు పదేపదే పడితే తిట్టొద్దు. సగం సార్లు కారణం మనమే: కుక్క లేవబోయే క్షణంలో "దుంకు దుంకు" అని అరుస్తాం, అది మన వైపు చూస్తుంది, కాలు తగులుతుంది. మాట రెండు అంగల ముందే పడాలి. అప్పటికీ పడుతుంటే అలసట, లేదా నొప్పి. నిన్నటి దాకా దాటిన కుక్క ఇవాళ పక్క నుంచి తప్పించుకుంటే మొండితనం అనుకోకుండా అరికాళ్లు, గోళ్లు, నడుము తడిమి చూడండి.

సొరంగం

పోటీల్లో సొరంగం 60 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము దాదాపు అంతే. రెండు కొసలూ కోసి, అంచుల్ని ఆకురాయితో నున్నగా రుద్ది, పాత నీళ్ల పైపును నిలువునా చీల్చి అంచు చుట్టూ తొడగండి. పురుగుమందో రసాయనమో వచ్చిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. దొర్లకుండా ఇసుక నింపిన సంచులు అటూ ఇటూ ఆనించాలి. లోపల కుక్క ఉండగా డ్రమ్ము ఒక్కసారి దొర్లితే అది మళ్లీ అందులో తల పెట్టదు.

మొదట ఒక్క డ్రమ్మే. ఒకరు ఈ పక్క కుక్కను పట్టుకోవాలి, మీరు ఆ పక్క కూర్చొని లోపలి నుంచి దాని కళ్లలోకి చూస్తూ పిలవాలి. లోపలికి తొయ్యొద్దు. తల పెట్టినా "సై", ఒక కాలు పెట్టినా "సై". దాటడం వచ్చాక రెండో డ్రమ్ము కలపండి. ఎండలో వదిలేసిన డ్రమ్ము లోపల పొయ్యిలా ఉంటుంది, తేలు చేరినా చేరొచ్చు, ప్రతిసారీ చెయ్యి పెట్టకుండా కర్రతో తట్టి చూశాకే కుక్కను పంపండి.

పలక, స్తంభాలు

30 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవున్న చెక్క పలక. పెయింటు తడిగా ఉండగానే సన్న ఇసుక చల్లితే పట్టు వస్తుంది. రెండు కొసల్లో 60 సెంటీమీటర్ల మేర వేరే రంగు వేయండి. పోటీల్లో దిగేటప్పుడు కుక్క కాలు ఆ రంగు మీద పడకపోతే తప్పు పడుతుంది. నియమం పెట్టింది మధ్యలోంచే దుంకేసి భుజాలు పాడు చేసుకోకుండా.

పలకను నేల మీదే ఉంచి నడిపించి, చివర్లో ముందు కాళ్లు మట్టి మీద, వెనక కాళ్లు పలక మీద ఉండగా ఆపి అక్కడే తిండి పెట్టండి. ఇది వంద సార్లు అయ్యాక రెండు కొసల కిందా ఒక్కో ఇటుక, వారం తర్వాత రెండేసి. మోకాలి ఎత్తు దాటించకండి, పోటీల్లో ఉండే నడక పలక 120 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది, అది శిక్షకుడి దగ్గర నేర్వాల్సింది. సీ-సా, అంటే మధ్యలో ఆనుకొని అటూ ఇటూ పైకీ కిందికీ ఊగే పలక, కూడా అంతే, ఇంట్లో కట్టొద్దు. దానికి ముందు పాఠంగా పలక కింద మధ్యలో మడిచిన గోనె సంచి పెట్టి కాస్త ఊగనిచ్చి, ఆ చప్పుడుకూ కదలికకూ అలవాటు చేస్తే చాలు.

స్తంభాల మధ్య మెలికలు తిరిగేది అన్నింటికంటే ఆలస్యంగా వస్తుంది. అడుగున్నర పొడవు ఇనుప చువ్వలు భూమిలో దించి, వాటి మీద మీటరు పీవీసీ ముక్కలు తొడగండి, చువ్వ ఎక్కడా బయటికి కనపడకూడదు. ఆరు స్తంభాలు, స్తంభానికి స్తంభానికి 60 సెంటీమీటర్లు. ఒకటి, మూడు, ఐదు ఒక పక్కకు, మిగిలినవి ఇంకో పక్కకు జరిపి మధ్యలో రెండడుగుల దారి చేయండి, కుక్క తిన్నగా ఉరుకుతుంది. మూడు నాలుగు రోజులకోసారి దారిని రెండు అంగుళాలు దగ్గరికి తెస్తే మెలిక దానంతట అదే మొదలవుతుంది. ఎప్పుడూ మొదటి స్తంభం కుక్క ఎడమ భుజానికి తగిలేలా లోపలికి పోవాలి. నడుము పూర్తిగా వంగే మెలికలు ఏడాదిన్నర దాటాకే.

కలిపి ఉరికించడం

రెండు కర్రలు, ఒక సొరంగం, మధ్య ఐదేసి మీటర్లు, తిన్నని వరుస. కుక్క మన మాట కంటే పాదాలను, భుజాలను నమ్ముతుంది. మీ బొటనవేలు ఎటుంటే అటు పోతుంది. "గుహ" అంటూ కర్ర వైపు తిరిగి నిలబడితే అది కర్రే ఎక్కుతుంది. ఒక్కసారి కుక్క లేకుండా ఆ వరుస మీరే నడిచి, ఎక్కడ ఏ చెయ్యి ఎత్తాలో చూసుకోండి. పక్కింటివాళ్లు చూసి నవ్వితే నవ్వనివ్వండి.

మలుపు తిప్పాలంటే కుక్క సొరంగంలో ఉండగానే మీరు దాని వైపు ముఖం పెట్టి తిరిగి, చెయ్యి మార్చుకొని, కొత్త దిక్కుకు కదలాలి. అది బయటికొచ్చాక తిరిగితే ఆలస్యం. ఆలస్యమైన ప్రతిసారీ కుక్క గుండ్రంగా తిరగడమో, మీ మీదికి దుంకి మొరగడమో చేస్తుంది. పొగరు కాదు, దారి తెలియక అడగడం.

చివరి పది నిమిషాలు

ఐదు నిమిషాలు తాడు కట్టి నడిపించి ఎగపోత తగ్గనివ్వండి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు. పాదాల మధ్య వేళ్లు పెట్టి పల్లేరు ముక్కలు చూడండి, చెవి మడతల్లో, చంకల్లో గోమార్లు వెతకండి. పట్టుకున్న గోమారిని పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగాలి, నలపకూడదు, కిరోసిన్ పూయకూడదు. పైపులు విప్పి నీడలో పెట్టండి, ఎండలో ఉంచితే రెండు ఎండకాలాలకు పెళుసెక్కి పగులుతాయి, పగిలిన పైపు అంచు కత్తిలా కోస్తుంది. రేపటి పాఠానికి ఏ కర్ర ఎంత ఎత్తులో ఉందో, ఎన్నిసార్లు పడిందో గోడ క్యాలెండరు మీద ఒక ముక్క రాసుకోండి.